ముప్పావు మిల్లీమీటరు మర

బాపట్లకు 9 కిలోమీటర్ల దూరంలో ఉన్న సూర్యలంక తీరానికి పెళ్లి సీజన్లో తెల్లవారకముందే కెమెరాలు చేరుకుంటాయి. తెనాలి నుంచి, రేపల్లె నుంచి కాబోయే జంటలను వెంటబెట్టుకొచ్చిన ఫొటోగ్రాఫర్లు, పొద్దెక్కి ఇసుక మెరవడం మొదలయ్యాక లెన్సుకు వెలుతురు తగ్గించే ఎన్‌డీ ఫిల్టరో మెరుపును అణచే పోలరైజరో తగిలిస్తారు. షూటింగు ముగించి నీడకొచ్చాక దాన్ని తీయబోతే కదలదు. ఇంకొంచెం గట్టిగా పట్టుకుంటే ఇంకొంచెం బిగుస్తుంది. బలం చాలకపోవడం వల్ల కాదు, బలం పెట్టడం వల్లే వచ్చే చిక్కు ఇది. ఎందుకలాగో తెలియాలంటే ఆ పల్చటి రింగు మీద కోసిన మర ఎక్కడి నుంచి వచ్చిందో చూడాలి.

రెండు వందల పాతికేళ్ల కిందట ఒక నట్టు తన బోల్టుకే సరిపోయేది, పక్క బోల్టుకు ఎక్కేది కాదు. లండన్‌లో హెన్రీ మాడ్స్‌లే 1800 ప్రాంతంలో కచ్చితమైన మర కోసే లేతును తయారుచేశాక, ఒకే మరను ఎన్నిసార్లయినా కోయడం సాధ్యమైంది. ఆయన దగ్గర పనిచేసిన జోసెఫ్ విట్‌వర్త్ రకరకాల కార్ఖానాల నుంచి బోల్టులు తెప్పించి, పోల్చి, 1841లో మర పళ్ల కోణం 55 డిగ్రీలు ఉండాలని ప్రతిపాదించాడు. 1858లో లండన్ మైక్రోస్కోప్ సంఘం అదే పద్ధతిలో తమ లెన్సులకు ఒకే మర నిర్ణయించింది. ఏ కంపెనీ లెన్సయినా ఏ మైక్రోస్కోపుకైనా ఎక్కాలన్న ఆ ఆలోచనే తర్వాత కెమెరాలకూ పాకింది. అమెరికాలో విలియం సెల్లర్స్ 1864లో కోణాన్ని 60 డిగ్రీలు చేశాడు, 1898లో జ్యూరిక్‌లో కుదిరిన మెట్రిక్ మర దాన్నే తీసుకుంది. ఈ రోజు మన చేతిలో ఉన్న ఫిల్టరు ఆ వంశంలోదే.

ఫిల్టరు మాత్రం మరతో పుట్టలేదు. తొలినాటి ఫొటో ప్లేట్లకు నీలం తప్ప మిగతా రంగులు దాదాపు కనిపించేవి కావు. ఆకాశం తెల్లగా వెలిసిపోయి, మబ్బులు మాయమయ్యేవి. 1873లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ ప్లేటు మందులో రంగు కలిపితే ఆకుపచ్చ కూడా పడుతుందని కనిపెట్టాడు. అప్పుడు లెన్సు ముందు పసుపు గాజు పెట్టి నీలాన్ని కొంత ఆపితే మబ్బులు తేలాయి. 1906లో ఇంగ్లండులో రాటన్ అండ్ వెయిన్‌రైట్ సంస్థ అన్ని రంగులనూ పట్టే ప్లేట్లు అమ్మకానికి తెచ్చింది. ఆ సంస్థ జెలటిన్ ఫిల్టర్లకు వచ్చిన రాటన్ నంబర్లు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. అప్పట్లో ఫిల్టరును లెన్సు మీదికి నొక్కి తొడిగేవారు, లేదంటే రెండు రింగుల మధ్య బిళ్లలా పెట్టేవారు. మర తిప్పి ఎక్కించే పద్ధతి తర్వాత స్థిరపడింది. 1959లో నికాన్ ఎఫ్ కెమెరా వచ్చాక దాని లెన్సులు చాలావాటికి ముందు మర 52 మిల్లీమీటర్లే. ఒక్క ఫిల్టరు కొంటే సంచిలో ఉన్న చాలా లెన్సులకు తిప్పుకోవచ్చు.

ఇప్పుడు ఆ మరనే దగ్గరగా చూద్దాం. 52, 58, 67, 77 మిల్లీమీటర్ల ఫిల్టర్లు చాలావరకు ఒకే అచ్చు: ఒక చుట్టుకు 0.75 మిల్లీమీటరు లోపలికి దిగుతాయి. 52 మి.మీ. రింగు చుట్టుకొలత దాదాపు 163 మి.మీ. అంటే 217 అడుగులు నడిస్తే ఒక్క అడుగు ఎత్తు ఎక్కే వాలు అది, మన డెల్టా పొలాల వాలు లాగా కంటికి కనిపించనంత. అందుకే ఫిల్టరు తనంతట తాను ఊడదు, రాపిడి ముందు ఆ వాలు ఏ మూలకూ చాలదు. పన్ను లోతు అర మిల్లీమీటరు కూడా లేదు. రింగు అంచు వచ్చి లెన్సుకు ఆనిన తర్వాత మనం తిప్పిందంతా ఆ చిన్న పళ్ల మీద నొక్కుడుగా మిగిలిపోతుంది.

రింగు పల్చన కావడం దీనికి తోడు. బొటనవేలు ఒకవైపు, చూపుడువేలు ఎదురుగా పెట్టి నొక్కామా, గుండ్రటి రింగు కోలగా మారుతుంది. నొక్కినచోట లోపలికి పోతుంది, దానికి అడ్డంగా ఉన్న రెండు వైపులా బయటికి ఉబ్బి లెన్సు మర గోడను ఒత్తుకుంటుంది. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత కోల, అంత బిగింపు.

సముద్రగాలి పని వేరే. అల్యూమినియం మీద సహజంగా ఏర్పడే సన్నని ఆక్సైడు పొర దాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరకు చిల్లులు పెడుతుంది. చిల్లుల్లోంచి తెల్లటి పొడి పుడుతుంది, అది అరిగిపోయిన లోహం కన్నా ఎక్కువ చోటు ఆక్రమించి పళ్ల సందుల్లో చీలలా కూరుకుంటుంది. ఫిల్టరు రింగు ఇత్తడిదైతే మామూలుగా మంచిదే, రెండు అల్యూమినియం ముక్కలు రాసుకుని అతుక్కునే బాధ ఉండదు. కానీ ఉప్పు తడి చేరితే ఇత్తడీ అల్యూమినియమూ కలిసి చిన్న బ్యాటరీ అవుతాయి. అందులో కరిగేది అల్యూమినియం, అంటే మన లెన్సు అంచు.

ఇవన్నీ ఫిలిం రోజుల్లోనూ ఉన్నాయి, కానీ అప్పుడు పసుపు తీసి ఎరుపు పెట్టడం, ఎరుపు తీసి ఆకుపచ్చ పెట్టడం నడుస్తూనే ఉండేది. డిజిటల్ సెన్సరు ముందే అతినీలలోహిత కాంతిని ఆపే పొర ఉంటుంది కాబట్టి యూవీ ఫిల్టరు ఇప్పుడు రక్షణ గాజుగానే మిగిలింది. కొన్నరోజు బిగిస్తే ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. మాటిమాటికీ తీయడానికి కోసిన మర కదలకుండా ఉండిపోవడమే ఈ కాలపు జబ్బు.

తీసే పద్ధతి ఈ లెక్క ప్రకారమే ఉండాలి. మొదట మెత్తని బ్రష్‌తో సందులోని ఇసుక, ఉప్పు దులపాలి. తర్వాత ఏది పట్టుకోవాలో చూసుకోవాలి. పోలరైజరు ముందు రింగు ఊరికే తిరుగుతుంది, పట్టు వెనక రింగు మీద ఉండాలి. లెన్సు వైపు ఫిల్టరుకు దగ్గరగా ఉన్న గొట్టాన్నే పట్టుకోవాలి. పాత 18–55 కిట్ లెన్సుల్లో ముందు భాగమే ఫోకస్‌తో పాటు తిరిగేది కనుక, కెమెరా పట్టుకుని తిప్పితే ఆ మెలి లోపలి పళ్లచక్రాల మీద పడుతుంది.

యూవీ లాంటి మామూలు ఫిల్టరైతే శుభ్రంగా కడిగి ఆరబెట్టిన రబ్బరు చెప్పును బల్ల మీద పెట్టి, లెన్సును దాని మీద బోర్లించాలి. గాజు కన్నా రింగు అంచు కాస్త ఎత్తుగా ఉందని ముందే చూసుకోవాలి. అరచేత్తో తేలిగ్గా అదిమి, పైనుంచి చూస్తే గడియారం ముల్లుకు ఎదురు దిశ అయ్యేలా లెన్సును తిప్పాలి. రబ్బరు రింగును చుట్టూ ఒకేలా పడుతుంది, కోల కానివ్వదు. సగం మొండితనం ఇక్కడే వదిలిపోతుంది. వదలకపోతే సైకిలు ట్యూబు నుంచి కోసిన పట్టీని రింగు చుట్టూ ఒక చుట్టు వేసి, వేళ్లన్నీ పరిచి తిప్పాలి. ఒక ఫిల్టరు మీద ఇంకోటి అతుక్కుంటే కెమెరా షాపుల్లో దొరికే ప్లాస్టిక్ రెంచీల జత పనికొస్తుంది.

నూనె మాత్రం వద్దు. అది సందుల వెంట పాకి డయాఫ్రం రేకుల మీదికి చేరితే వాటిని శుభ్రం చేయడానికి లెన్సునే విప్పాల్సివస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టడమూ వద్దు. రింగూ లెన్సూ రెండూ అల్యూమినియమే అయితే కలిసే కుంచించుకుంటాయి, ఒరిగేదేమీ లేదు. పైగా మన తీరపు ఉక్కలోకి చల్లటి లెన్సు తీస్తే నీరు పట్టి, ఆ తేమ లోపల నిలిస్తే ఫంగస్ మొదలవుతుంది. కిందపడి రింగు నొక్కుకుపోయి ఉంటే ఈ పద్ధతులేవీ చాలవు. మెకానిక్ లోపలి గాజును కప్పి, ఫిల్టరు గాజు తీసేసి, రింగును హాక్సా బ్లేడుతో రెండుచోట్ల మర దాకా కోసి, పటకారుతో లోపలికి వంచి తీస్తాడు. ఆ పని ఆయనకే వదిలేయాలి.

పట్టేయకుండా మర మీద పెన్సిలు రాయమని చాలామంది చెబుతారు. గ్రాఫైటు మంచి కందెన, తెనాలి స్టూడియోలో అది నిజంగానే మేలు. కానీ ఉప్పు తడి ఉన్నచోట గ్రాఫైటు కూడా ఇత్తడిలాగే అల్యూమినియాన్ని కరిగిస్తుంది, కనుక సూర్యలంకకు, రేపల్లె దిగువన నిజాంపట్నం రేవుకు వెళ్లే లెన్సుకు పెన్సిలు తగదు. అక్కడి నుంచి వచ్చిన రోజే ఫిల్టరు విప్పి, మంచినీటిలో ముంచి పిండిన గుడ్డతో రెండు మరలూ తుడిచి, పూర్తిగా ఆరాక మళ్లీ ఎక్కించడమే సరైన మందు. ఎక్కించేటప్పుడు అంచు ఆనగానే ఆపేయాలి.

ఈ మధ్య అయస్కాంతంతో అతుక్కునే ఫిల్టర్లు వస్తున్నాయి. లాగితే వచ్చేస్తాయి, తిప్పే పనే లేదు. అయితే ఆ అయస్కాంతం పట్టుకునే రింగును ముందుగా లెన్సుకు తగిలించాలి కదా, దాని మీద కోసింది మళ్లీ అదే 0.75 మిల్లీమీటరు మర. దాన్ని ఒకసారి బిగించాక ఎవరూ విప్పరు కనుక సముద్రం నుంచి వచ్చిన రోజు తుడవాల్సిన వరుసలో మొదటిది అదే కావాలి.