పాలిమర్ల చేతివాటం

కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టదు. రెండూ ఒకదానికొకటి అద్దంలో ప్రతిబింబాలే, అయినా ఒకటి కావు. ఇలాంటి ‘చేతివాటం’ ఉన్న అణువులని కైరల్ అణువులంటారు. దీనికీ మన ఫోను బ్యాటరీకీ సంబంధం ఉందంటే నమ్ముతారా?

కాంతికీ చేతివాటం ఉండొచ్చు. కాంతి తరంగం స్క్రూ మరలా కుడికో ఎడమకో మెలి తిరుగుతూ సాగితే దాన్ని వృత్త ధ్రువిత కాంతి అంటారు.

ఇక పాలిమర్ల సంగతి. కరెంటు ప్రవహించే ప్లాస్టిక్కులని కనిపెట్టినందుకు హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావాలకి 2000లో నోబెల్ బహుమతి వచ్చింది. ఈ కాంజుగేటెడ్ పాలిమర్ల గొలుసులో ఒంటి బంధాలూ జంట బంధాలూ ఒకటి విడిచి ఒకటి వస్తాయి. వాటి రంగూ వెలుగూ అక్కడివే. చేతివాటం మాత్రం గొలుసు పక్కన తగిలించిన కొమ్మలలో ఉంటుంది.

ఇలాంటి పాలీథయోఫీన్‌ని క్లోరోఫారంలో కరిగిస్తే గొలుసులు విడివిడిగా తేలతాయి. కుడి కాంతినీ ఎడమ కాంతినీ దాదాపు సమానంగా పీల్చుకుంటాయి. దానికి తగినంత మెథనాల్ కలిపితే గొలుసులు ఒకదానికొకటి అతుక్కుని గుంపు కడతాయి. రంగు మారుతుంది, ఒకవైపు కాంతిని ఎక్కువగా పీల్చుకోవడం మొదలవుతుంది. వేడి చేసి గుంపు విడగొడితే ఆ తేడా మాయం! నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్‌లో మేయర్ బృందం 1990లలో ఈ ప్రవర్తనని లోతుగా పరిశీలించింది.

ఎందుకిలా? కొబ్బరి పీచుని విడిగా చూస్తే మెలి కనబడదు, తాడు పేనితే కనబడుతుంది. గుంపులో ప్రతి గొలుసూ పక్కదానికి కాస్త ఓరగా, ఒకే వైపుకి తిరిగి కూర్చుంటుంది. కాంతిని పీల్చుకున్నప్పుడు ఆ శక్తిని గొలుసులన్నీ కలిసి పంచుకుంటాయి. ద్రావకం మారిస్తే అదే పాలిమర్ ఎదురు మెలి చూపించిన సందర్భాలూ ఉన్నాయి. అంటే, మాడ్యూలు ఒక్కటే చూస్తే చాలదు, కూర్పు కూడా చూడాలి.

ఇప్పుడు ఫోను. ఓఎల్ఈడీ తెర మీద గది వెలుతురు మెరవకుండా సాధారణంగా ఒక ధ్రువణ ఫిల్టరు అతికిస్తారు. అది తెర ఇచ్చే వెలుగులోనూ సుమారు సగం మింగేస్తుంది. పిక్సెళ్ళే సరైన మెలి ఉన్న కాంతిని ఇస్తే ఆ నష్టం తగ్గుతుంది. ఈ మెలి ఎంత బలమైనదో చెప్పే కొలతకి గరిష్ఠ విలువ 2. ఐండ్‌హోవెన్ వారి 1997 నాటి పాలిమర్ దీపంలో అది సుమారు 0.0017, 2000లో పాలీఫ్లోరీన్ గొలుసులని పద్ధతిగా పేర్చిన దీపంలో 0.25 దాకా వెళ్ళింది.

ఒక జాగ్రత్త. పల్చటి పొరలలో గొలుసులు ఒకే దిక్కుకి సాగి ఉంటే దొంగ సంకేతం రావచ్చు. అందుకే పొరని తిరగేసి మళ్ళీ కొలవాలి. స్క్రూని ఏ వైపు నుంచి చూసినా దాని మెలి మారదు కదా!