పరభాషా పరీక్ష – మన పండుగ

హైదరాబాదులోని ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిష్ బోధన గలదు. కందుకూరు వంటి ఊళ్లనుండి పోయి ఆ భాష నేర్చువారు స్పానిష్ ప్రజల పండుగలనుగూర్చియు చదువవలసి యుండును. పేర్లు, తేదీలు మాత్రమే వల్లించినచో మౌఖిక పరీక్షలో రెండవ ప్రశ్నకే మాట ఆగిపోవును.

మెక్సికోలో నవంబరు 1, 2 తేదీలలో మృతుల దినము జరుపుదురు. గతించినవారి పటముల యెదుట వారికి ప్రియమైన వంటకము లుంచి, బంతిపూలతో అలంకరింతురు. యునెస్కో 2008లో దీనిని తన వారసత్వపు జాబితాలో చేర్చినది.

ఇది మనకు వింత గాదు. పెత్రమాసనాడు మనమును పెద్దలను తలచి బియ్యమిత్తుము. ఆనాడే ఎంగిలిపూల బతుకమ్మను పేర్తుము; అందలి బంతికి పుట్టినిల్లు మెక్సికోయే! భేదమును గలదు: వారిది స్థిరమైన తేదీ, మనది తిథి.

ఈ పోలికను, భేదమును సొంత మాటలలో చెప్పగలవారు తడబడరు. కావున మొదట ఇంటి పెద్దలను మన ఆచారమునుగూర్చి అడిగి తెలిసికొనుడని మా సలహా.