రెండు పంక్తుల సవరణ

మీరు కంప్యూటరులో ఒక కచేరీ వింటున్నారనుకోండి. రాగాలాపన మధ్యలో ‘టక్’మని ఒక చప్పుడు, మళ్ళీ యథాప్రకారం పాట. స్పీకరు చెడిపోయిందని మీరు భావించవచ్చు. కాని దోషం డ్రైవర్ అనే చిన్న ప్రోగ్రాములో కూడా ఉండవచ్చు. కంప్యూటరుకూ ధ్వని పరికరానికీ నడుమ దుబాసీగా వ్యవహరించేది అదే.

ఆ దోషాన్ని సరిచేయడం ఒకరి పని. సరిచేసిన తీరు సరైనదేనా అని పరిశీలించడం మరొకరి పని. ఈ రెండవదాన్ని గురించి మనం వినేది తక్కువ.

ధ్వని పరికరానికి సాధారణంగా సెకనుకు 48,000 నమూనాలు అందాలి. రెండు స్పీకర్లకు, నమూనాకు 2 బైట్ల చొప్పున లెక్కిస్తే, అవి సెకనుకు 1,92,000 బైట్లు. ఇందుకోసం మెమరీలో కొంత భాగాన్ని తొట్టిలా ఉపయోగిస్తారు. కంప్యూటరు నింపుతూ ఉంటుంది. పరికరం తోడుకుంటూ ఉంటుంది. కొంత భాగం ఖాళీ అయినప్పుడల్లా పరికరం డ్రైవరుకు కబురు పంపుతుంది. నింపడం ఆలస్యమైనా, లెక్క తప్పినా మనకు వినబడేది ఆ ‘టక్’.

లినక్స్ సంగతి చూద్దాం. 1991లో ఫిన్లాండు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ వ్యవస్థలో ధ్వని విభాగం పేరు ఆల్సా. 1998లో చెక్ దేశీయుడు యారోస్లావ్ కిసెలా దీనికి అంకురార్పణ చేశారు. దీనికి ఎవరైనా సవరణ పంపవచ్చు; కాని నిర్వాహకుల ఆమోదం లేనిదే అది అందులో చేరదు.

ఒక ఉదాహరణ ఊహించుకుందాం. పరికరం కబురు పంపిన క్షణంలోనే శ్రోత పాటను ఆపివేశాడు. డ్రైవరులోని రెండు భాగాలు ఒకే లెక్కను ఒకేసారి తిరగరాశాయి. ప్రోగ్రామరు దీనికి విరుగుడు కనిపెట్టాడు: ఆ లెక్కకు ఒకే ఒక తాళంచెవి. అది ఎవరి చేతిలో ఉంటే వారే రాయాలి. తక్కినవారు వేచి ఉండాలి. రెండు పంక్తుల సవరణ. అతని యంత్రంలో చప్పుడు ఆగిపోయింది.

పరిశీలకుడు ఆ రెండు పంక్తులతో సరిపెట్టుకోడు. వాటి చుట్టూ ఉన్నదంతా చదువుతాడు. తాళంచెవి చేతిలో ఉండగానే డ్రైవరు ‘ఒక భాగం పూర్తయింది’ అని ఆల్సాకు విన్నవిస్తున్నదని గమనిస్తాడు. పాట ముగిసి ఉంటే, పరికరాన్ని ఆపమని ఆల్సా వెంటనే అదే డ్రైవరును ఆజ్ఞాపించవచ్చు. ఆపాలంటే మళ్ళీ అదే తాళంచెవి కావాలి. తన చేతిలో ఉన్నదానికోసం తానే ఎదురుచూస్తూ డ్రైవరు నిలిచిపోతుంది; యంత్రమే బిగుసుకుపోవచ్చు. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పుపెట్టుకున్నట్లు!

నివారణ సులభమే. విన్నవించే ముందు తాళంచెవిని విడిచి, ఆ తరువాత తిరిగి తీసుకోవాలి. ఆల్సా డ్రైవర్ల రచన గురించి తకాషి ఇవాయ్ రాసిన మార్గదర్శిలో ఈ హెచ్చరిక ఉన్నది. అయినా ఈ దోషం అరుదుగానే బయటపడుతుంది గనుక, సవరించినవాని పరీక్షలో కనబడకపోవచ్చు.

మరొక చిక్కున్నది. పరిశీలకుని బల్లమీద ఆ పరికరమే ఉండకపోవచ్చు. ఒకే ప్రమాణాన్ని అనుసరించే ల్యాప్‌టాప్‌లలో సైతం స్పీకర్లకు తీగలు కలిపే పద్ధతి మోడలును బట్టి మారుతుంది. ఒకదానికి గొంతు తెప్పించిన సవరణ మరొకదానిని మూగదాన్ని చేయవచ్చు. అందుకే అతడు అడుగుతాడు: ‘ఇది ఏయే యంత్రాలకు వర్తిస్తుంది? ఎవరు పరీక్షించారు?’ పరీక్షించినవారి పేరు, పరిశీలించినవారి పేరు సవరణతోపాటే నమోదవుతాయి. ‘చదివాను, నాకు తెలిసినంతలో పెద్ద లోపం లేదు’ అని నలుగురి ఎదుట చెప్పడమే దీని అర్థం. ఇప్పటికే విడుదలైన స్థిర ప్రతులలో చేర్చే సవరణల విషయంలో నియమం ఇంకా కఠినం: చుట్టుపక్కల పంక్తులతో కలిపి 100 పంక్తులు మించరాదు, పరీక్షించి ఉండాలి, చూడగానే సరైనదని తెలియాలి.

ఒక చప్పుడుకోసం ఇంత తర్జనభర్జన ఎందుకని అనిపించవచ్చు. కాని చూపులేనివారు ఎందరో తెరమీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాముల సాయంతోనే కంప్యూటరు వాడుతున్నారు. మనకు ధ్వని పోతే పాట పోతుంది. వారికి తెర మొత్తం ఆరిపోతుంది. ఆ రెండు పంక్తులను మరొకరు నిదానంగా చదవడానికి వెచ్చించిన గంట వారికోసం కూడా.