దారి నిలిపిన సైనికులు

పావగడ కొండమీది కోటను చూసినవారికి అది శత్రువు సులభంగా ఎక్కిరాలేని చోటని తెలుస్తుంది. అయితే ఎంతటి కోటకైనా ఒక బలహీనత ఉంది. కింది నుండి ధాన్యం వచ్చే దారిని శత్రువు మూసివేస్తే, లోపలివారు కొన్నాళ్ళకు తలుపులు తెరవక తప్పదు.

నేటి యుద్ధాలలోనూ ఈ సూత్రం మారలేదు. ముందు వరుసలో పోరాడే సైనికునికి తిండి, మందుగుండు, మందులు వెనుక నుండి అందాలి. గాయపడినవారు ఆసుపత్రికి చేరాలి. అధికారుల ఆజ్ఞలు ఎప్పటికప్పుడు ముందుకు పోవాలి. ఇవన్నీ సాగే రోడ్లు, వంతెనలు, టెలిఫోను తీగలు సైన్యానికి రక్తనాళాల వంటివి.

తీగలను, వైర్‌లెస్ యంత్రాలను సిగ్నల్స్ దళం చూసుకొంటుంది. రోడ్లు, వంతెనల బాధ్యత ఇంజనీరింగ్ దళానిది. ఈ దళంలోని సైనికులను సాపర్లు అంటారు. పూర్వం కోటగోడల దాకా కందకాలు తవ్వుకొంటూ పోయేవారికి ఈ పేరు వచ్చింది. నేడు వాగులపై వంతెనలు వేయడం, మందుపాతరలను తొలగించడం, తెగిన రోడ్లను సరిచేయడం వీరి పనులు.

1947-48లో జమ్ము కాశ్మీరులో జరిగిన యుద్ధం వీరి విలువను చాటింది. 1948 ఏప్రిల్‌లో మన సేన నౌషేరా నుండి రాజౌరీకి బయలుదేరింది. శత్రువులు దారి పొడవునా మందుపాతరలు పాతి, చెట్లు నరికి అడ్డంగా పడవేశారు. బొంబాయి సాపర్లకు చెందిన సెకండ్ లెఫ్టినెంట్ రామ రాఘోబా రాణే మొదటి రోజే గాయపడ్డాడు. అయినా ఆయన వెనుదిరగలేదు. ఏప్రిల్ 8 నుండి 11 వరకు తుపాకి గుండ్ల నడుమ అడ్డంకులను ఒక్కొక్కటిగా తొలగిస్తూ ట్యాంకులకు దారి ఇచ్చాడు. నేటి కర్ణాటకలోని కార్వారు ప్రాంతంలో పుట్టిన ఈ వీరునికి పరమవీర చక్ర లభించింది.

అదే ఏడాది శత్రువులు జోజిలా కనుమను ఆక్రమించారు. దానితో శ్రీనగర్ నుండి లేహ్‌కు పోయే దారి తెగిపోయింది. సుమారు 11,500 అడుగుల ఎత్తున ఉన్న ఆ కనుమకు కంచరగాడిదలు నడిచే బాట తప్ప రోడ్డు లేదు. సెప్టెంబరులో కాల్బలం చేసిన దాడి ఫలించలేదు. అప్పుడు జనరల్ తిమ్మయ్య ట్యాంకులను పైకి పంపాలని నిశ్చయించాడు. ఒక్కొక్క ట్యాంకు బరువు 12 టన్నులకు పైమాటే! అంత బరువును మోయగల దారిని సిద్ధం చేసే పని మద్రాసు సాపర్లకు అప్పగించారు.

1780లో మొదలైన ఈ దళానికి బెంగళూరు కేంద్రం. దక్షిణాది యువకులు, వారిలో తెలుగువారూ, ఇందులో చేరుతారు. సైన్యంలో వీరిని 'తంబీలు' అని ముద్దుగా పిలుస్తారు. మంచుకొండలు వీరు పుట్టి పెరిగిన నేల కాదు. అయినా మేజర్ తంగరాజు నాయకత్వంలో కొద్ది వారాలలోనే చలికీ, శత్రువుల కాల్పులకూ ఓర్చి ఆ బాటను ట్యాంకుల దారిగా మార్చారు. 1948 నవంబరు 1న ట్యాంకులు కనుమ ఎక్కాయి. అంత ఎత్తుకు ట్యాంకులు వస్తాయని ఊహించని శత్రువులు చెల్లాచెదురయ్యారు. ఆ నెలలోనే కార్గిల్ మన వశమై, లేహ్ దారి తెరుచుకొంది.

యుద్ధకథలలో ట్యాంకు నడిపినవాని పేరు వినబడినంతగా, దానికి దారి వేసినవాని పేరు వినబడదు. కాని ఆ దారి లేనిదే ట్యాంకు కదలదు. గునపం, పార పట్టిన చేతులు కూడా తుపాకి పట్టిన చేతులంతగానే దేశాన్ని కాపాడుతాయి.