చదువక పంపెడి వార్తలు

పూర్వము మన అనంతపుర మండలమున వార్త సంతనుండి మనుష్యుల వెంట నడచి వచ్చెడిది. రచ్చబండ యొద్ద చెప్పువానిని "ఎవరు చెప్పిరి? నీవు కన్నులార జూచితివా?" యని యడుగుటకు వీలుండెడిది. నేడు వార్త ఫోనునందు వచ్చుచున్నది. చెప్పువాడు ఎదుట లేడు. ఇట్టి వార్తను మనుజుడెట్లు గ్రహించునో పరిశోధించు శాస్త్రమొకటి కలదు. దాని సారము విద్యార్థులకు మిగుల నుపయుక్తము.

అమెరికాయందలి పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయమున ఎస్. శ్యామ్ సుందర్ అను ఆచార్యులు చాలకాలముగా ఈ పరిశోధన సలుపుచున్నారు. 2008లో ఆయన ప్రకటించిన సిద్ధాంతము ననుసరించి, మనము విషయమును తూచుటకు ముందే వార్త యొక్క పైవేషమును జూచి తీర్పు చెప్పుకొందుము. ఛాయాచిత్రమున్నచో "కంటికి కనబడుచున్నది గదా" యనుకొందుము. పలువురు మెచ్చినచో "ఇందరు నమ్మినది అబద్ధమగునా" యనుకొందుము. ఇవి బుద్ధికి శ్రమ తప్పించు అడ్డదారులు.

ఆయనయు సహపరిశోధకులును 2017 మొదలు 2020 వరకు ఫేస్‌బుక్కున జనులు పంచుకొనిన మూడున్నర కోట్లకు పైబడిన లంకెలను పరిశీలించి, 2024లో ఫలితములు ప్రకటించిరి. పంచుకొనుటలలో నూటికి సుమారు 75 ఆ లంకెను తెరువకయే జరిగినవట! శీర్షికయే వారికి వార్త యంతయు నయ్యెను.

ఇందువలన హాని యేమందురా? 2018లో బిడ్డల దొంగలు తిరుగుచున్నారను పుకార్లు వాట్సాపు ద్వారా దేశమున వ్యాపించెను. ఆ జూలైలో బీదరు జిల్లాలో పిల్లలకు చాకొలెట్లు పంచిన స్నేహితులను దొంగలని ఫోనులలో చాటగా, ముర్కి గ్రామమున జనులు వారి నడ్డగించి కొట్టిరి. హైదరాబాదు యువకుడొకడు మృతినొందెను.

ఆ యేడే మనకు ఉత్తరముననున్న గద్వాల సీమ యట్టి విపత్తును తప్పించుకొనెను. అచ్చటి పోలీసు సూపరింటెండెంటు రెమా రాజేశ్వరి గారు గ్రామములకు పోలీసులను పంపి, డప్పులతోను పాటలతోను పుకార్ల గుట్టు విప్పించిరి. ఆమె పర్యవేక్షణలోని నాలుగు వందలకు పైబడిన గ్రామములలో పుకారువలన ఒక్క ప్రాణమైనను పోలేదు. ఎదుటనున్న మనిషిని ప్రశ్నించు అవకాశము మరల కలుగుటయే ఇందలి రహస్యము. వాట్సాపు సంస్థయు 2018 జూలైలో, ఒక సందేశమును ఒకమారు ఐదు చోట్లకు మించి పంపరాదని మన దేశమున హద్దు విధించెను.

వాన మొగము చూడక తపించు మన సీమలో తుపాను, వేరుసెనగ ధర, విత్తనముల రాయితీ, పంటల బీమా అను మాటలు చెవిని బడినంతనే మనసు పరుగిడును. ఆశయు భయమును గల చోటనే అడ్డదారికి బలమెక్కువ. పెక్కిండ్లలో ఫోనునందలి వార్తను చదివి పెద్దలకు వినిపించువారు మీరే. కావున విద్యార్థులారా, వార్తను తుదివరకు చదువుడు. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ చెప్పిరని విచారింపుడు. నిజము తెలియనిచో ఇతరులకు పంపకుడు. తూర్పారబట్టని గింజను గాదెలో పోయని రైతుబిడ్డలకు ఇది క్రొత్త విద్య కాదు గదా!