లైట్‌ ఆర్పి చూడండి... ఫోన్‌ గుట్టు తెలుస్తుంది!

సెకండ్‌ హ్యాండ్‌ ఫోన్‌ కొనేటప్పుడు అందరూ ర్యామ్‌ ఎంత, కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్‌ అని అడుగుతారు. నేను మాత్రం ముందు గదిలో లైట్‌ ఆర్పేయమంటా! స్క్రీన్‌ మార్చిన ఫోనా, సందులున్న ఫోనా అన్నది చీకట్లోనే బాగా తెలుస్తుంది మరి. పైసా ఖర్చు లేదు, పది నిమిషాలు చాలు. మీరూ ప్రయత్నించండి.

నలుపులో తెలుపు
మొత్తం నల్లగా ఉన్న ఫొటో ఒకటి ఫుల్‌ స్క్రీన్‌లో పెట్టి, బ్రైట్‌నెస్‌ పూర్తిగా పెంచండి. ఎల్‌సీడీ స్క్రీన్‌కి వెనక బ్యాక్‌లైట్‌ ఉంటుంది కాబట్టి నలుపు కాస్త బూడిద రంగులో కనిపించడం మామూలే. కానీ అంచుల్లో, మూలల్లో తెల్లటి మరకలుంటే అది లైట్‌ లీకేజీ. ఫోన్‌ని అటూ ఇటూ వంచండి. మెరుపు జరుగుతూ ఉంటే అది ఆ ప్యానెల్‌ స్వభావం. కదలకుండా అక్కడే ఉంటే లీకేజీ అన్నమాట. ఓఎల్‌ఈడీ, అమోలెడ్‌ స్క్రీన్లకి బ్యాక్‌లైటే ఉండదు, ఏ పిక్సెల్‌కి ఆ పిక్సెల్‌ వెలుగుతుంది. ‘అమోలెడ్‌ ఫోన్‌’ అని చెప్పి అమ్ముతున్న దాంట్లో నలుపు బూడిద రంగులో వెలుగుతుంటే... స్క్రీన్‌ మార్చేశారేమో అని అడగాల్సిందే!

వెలుగొచ్చే సందు
స్క్రీన్‌ మీద మరక ఉన్నంత మాత్రాన దుమ్ము దూరుతుందని కాదు. అసలు చూడాల్సింది గ్లాస్‌కీ ఫ్రేమ్‌కీ మధ్య. పక్క నుంచి చూస్తే అక్కడ సన్నటి వెలుగు గీత కనిపించినా, పల్చటి కాగితం అంచు లోపలికి దిగినా జిగురు ఊడినట్టే. బ్యాటరీ ఉబ్బినా స్క్రీన్‌ ఇలాగే పైకి లేస్తుంది. అప్పుడు మాత్రం నొక్కొద్దు, ఛార్జింగ్‌ పెట్టొద్దు, సర్వీస్‌ సెంటర్‌కి తీసుకెళ్లండి.

నా ఫ్రెండ్‌ ఒకడు ఫుడ్‌ డెలివరీ చేస్తాడు. రోజంతా బైక్‌ మీదే, ఫోన్‌ హ్యాండిల్‌కే. ఓ షాపులో స్క్రీన్‌ మార్పించాడు, జిగురు సరిగ్గా అంటలేదు. కొన్ని వారాలకే పైన స్పీకర్‌ దగ్గర దుమ్ము పేరుకుని, కస్టమర్‌ మాట వినపడటం మానేసింది. ‘ఫోన్‌ ఆగితే నా పూట గడవదురా’ అన్నాడు. వాడికది గ్యాడ్జెట్‌ కాదు, జీతం.

ఖరీదైతే సరిపోదు
2019లో శాంసంగ్‌ గెలాక్సీ ఫోల్డ్‌ విడుదలే వాయిదా పడింది. హింజ్‌కి పైనా కిందా ఉన్న సందుల్లోంచి చెత్త దూరడం అందుకు ఒక కారణం. వాటికి మూతలు పెట్టి సెప్టెంబరులో తెచ్చారు.

ఐపీ68 అంటే?
మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. దుమ్ములో 6 అంటే అస్సలు దూరదని. 5 అంటే కొద్దిగా దూరొచ్చు, పనికి అడ్డు రాదు. ‘ఎక్స్‌’ ఉంటే ఆ రేటింగ్‌ ఇవ్వలేదని. అయితే ఇది కొత్త ఫోన్‌కి చేసే పరీక్ష. కింద పడ్డాక, ఒకసారి విప్పాక ఆ భరోసా తగ్గిపోతుంది. స్క్రీన్‌ మార్పిస్తే ‘సీల్‌ కొత్తది వేశారా?’ అని తప్పక అడగండి.

ఇవి కూడా చూడండి
* టార్చ్‌ వెలుగులో కెమెరా గ్లాస్‌ని ఏటవాలుగా చూడండి. తుడిచినా పోని చుక్కలుంటే దుమ్ము లోపలే ఉంది.
* చీకట్లో ఫ్లాష్‌తో ఒక ఫొటో తీయండి. తెల్లటి పొగలా వస్తే కేస్‌ తీసి మళ్లీ తీయండి. అప్పటికీ అలాగే ఉంటే లెన్స్‌ దగ్గర తేడా ఉన్నట్టు.
* సిమ్‌ ట్రే చుట్టూ రబ్బరు ఉండే మోడల్‌ అయితే అది చిరగకుండా ఉందేమో చూడండి.
* ఛార్జింగ్‌ పోర్ట్‌లో నోటితో ఊదొద్దు, తేమ చేరుతుంది. పిన్నీసు అసలే వద్దు. ఫోన్‌ ఆఫ్‌ చేసి, మెత్తటి పొడి బ్రష్‌తో నెమ్మదిగా దులపండి.

నెలకోసారి ఇంత చేస్తే చాలు... ఎక్కడ సందు పడిందో దుమ్ము కన్నా ముందు మీకే తెలుస్తుంది!