నడిసంద్రంలో బొంతల బడి

పై డెక్కు మీద ఈత కొలను చుట్టూ జనం ఎండ కాచుకుంటూ ఉంటారు. అదే ఓడలో నాలుగు అంతస్తుల కింద, సమావేశాలకు కేటాయించిన గదిలో ఇరవై ముప్ఫై మంది తల వంచుకుని గుడ్డ ముక్కలు కలిపి కుడుతూ ఉంటారు. వీళ్లలో ఎక్కువమంది ఉద్యోగ విరమణ చేసిన ఆడవాళ్లు. సెలవు కోసం అంత డబ్బు పోసి ఓడెక్కింది కుట్టుమిషను ముందు కూర్చోవడానికా అని చూసేవాళ్లకి అనిపించడం సహజమే. అమెరికా, కెనడా, ఆస్ట్రేలియాల్లో ఈ క్విల్టింగ్ క్రూజులు ఏళ్ల తరబడి నడుస్తున్నాయి. పేరున్న టీచరు వస్తున్నారంటే ఆమె కోసమే టికెట్టు కొనేవాళ్లుంటారు.

క్విల్టు అంటే మన బొంతే. పైన ముక్కలు అతికిన గుడ్డ, కింద అస్తరు, నడుమ పలచని దూది పొర. మూడూ కదలకుండా పట్టి ఉంచే కుట్లు. మన అమ్మమ్మలు పాత చీరలను పొరలు పొరలుగా పరిచి చేత్తో కుట్టేవారు. అమెరికా క్విల్టర్లు చాలావరకు కొత్త నూలు బట్ట కొని, కొలతల ప్రకారం ముక్కలు కోసి అతుకుతారు. అతుకు దగ్గర వదిలే అంచు సరిగ్గా పావు అంగుళం. లెక్క తప్పితే ఏమవుతుందో చూడండి: ఒక్కో అతుకులో అంగుళంలో పదహారో వంతు తేడా వస్తే, ఎనిమిది అతుకులయ్యేసరికి అర అంగుళం పోతుంది. నక్షత్రం నమూనాలో కొసలు కలవవు.

అంత కచ్చితమైన పనిని ఊగే నేల మీద నేర్పాలి. మిషను బరువుగానే ఉంటుంది కనుక ఊపుకి అది జరగదు. తివాచీ మీద కాలి పెడల్ మాత్రం జారిపోతుంది, దాని కింద రబ్బరు పట్టా వేయాలి. అసలు కష్టం మనిషికి. తల దించి సూది మొననే చూస్తూ కూర్చుంటే సముద్రపు వికారం ఎక్కువవుతుంది. ఓడ మధ్య భాగంలో, కింది అంతస్తుల్లో ఊపు తక్కువ. అందుకే తెలిసిన నిర్వాహకులు గది ఎక్కడిస్తారో ముందే అడుగుతారు.

ఇక ఇస్త్రీ. అతుకు వేసిన ప్రతిసారీ దాన్ని అణచాలి, ఇస్త్రీ లేకపోతే క్విల్టర్‌కి చేయి విరిగినట్టే. ఓడ మీద అన్నిటికన్నా పెద్ద భయం నిప్పు. ప్రయాణికులు తమ క్యాబిన్‌లోకి ఇస్త్రీ పెట్టె తెచ్చుకోవడాన్ని క్రూజు సంస్థలు సాధారణంగా ఒప్పుకోవు. తరగతి గదిలో పెట్టుకోవాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. అప్పుడు కూడా పెట్టెలన్నీ ఒక్కసారి వేడెక్కితే కరెంటు తట్టుకోదు, కాబట్టి వరస కట్టాల్సిందే. కొందరు టీచర్లు ఈ గొడవ పడలేక గోటితోనో, చిన్న చెక్క రోలరుతోనో అతుకు నొక్కడం నేర్పిస్తారు. కత్తెరకూ హద్దుంది: చాలా ఓడల్లో 4 అంగుళాలు మించిన బ్లేడుకు అనుమతి లేదు. గుండ్రటి బ్లేడున్న రోటరీ కట్టర్‌ని అమెరికా విమానాశ్రయాల్లో చేతి సంచిలో తీసుకెళ్లనివ్వరు. అందువల్ల టీచరు ఇంటి దగ్గరే బట్టను కోసి, ఒక్కొక్కరికీ ఒక కిట్టు కట్టి తెస్తే సగం తలనొప్పి ఒడ్డు మీదే తీరుతుంది.

పాఠాలు ఓడ రేవు తాకని రోజుల్లోనే జరుగుతాయి. రేవు రోజున అందరూ ఊరు చూడ్డానికి దిగిపోతారు, ఎంత గొప్ప టీచరైనా ఆపలేరు. కాబట్టి ఏ ఓడ అన్నదే పెద్ద నిర్ణయం. హోనొలులు నుంచి బయల్దేరి హవాయి దీవులనే చుట్టే ఓడ దాదాపు ప్రతిరోజూ ఏదో ఒక రేవులో ఉంటుంది. పాఠానికి అది పనికిరాదు. కాలిఫోర్నియా నుంచి హవాయికి వెళ్లే ఓడలో వెళ్లేటప్పుడు నాలుగైదు రోజులు, వచ్చేటప్పుడు నాలుగైదు రోజులు నీళ్లు తప్ప ఏమీ కనబడవు. విహారయాత్రకు విసుగు పుట్టించే ఆ దారే కుట్టుబడికి వరం.

అసలు హవాయి క్విల్టు కథ ఓడ మీదే మొదలైందని చెప్పుకుంటారు. 1819 అక్టోబరులో బోస్టన్ నుంచి బయల్దేరిన ‘థాడియస్’ ఓడలో క్రైస్తవ మిషనరీలు ఆ దీవులకు చేరారు. 1820 ఏప్రిల్ 3న, ఇంకా ఒడ్డు దిగకముందే, డెక్కు మీద చాపలు పరిచి కుట్టుపని సాగింది. మిషనరీల భార్యలు ఏడుగురు, హవాయి రాజకుటుంబపు స్త్రీలు నలుగురు. పెత్తనం చేసింది కలాకువా, అంతకు ముందటి ఏడాదే చనిపోయిన కమేహమేహా రాజు భార్య. తనకు మిషనరీ స్త్రీల గౌనులాంటిది కుట్టి పెట్టమని ఆమె పురమాయించింది. ఆ పని జరుగుతుండగా మిగతా హవాయి స్త్రీల చేతికి గుడ్డ ముక్కలిచ్చి అతకడం నేర్పారు. లూసీ థర్స్టన్ అనే మిషనరీ ఇల్లాలు ఇదంతా రాసిపెట్టింది.

నేర్చుకున్నవాళ్లు అక్కడితో ఆగలేదు. చెట్టు బెరడుతో చేసే ‘కాపా’ బట్ట పొరలను కలిపి కుట్టి కప్పుకోవడం వాళ్లకు ముందే తెలుసు. నిండు బట్టను చిన్న ముక్కలుగా కోసి మళ్లీ అతకడం వాళ్లకు అర్థం లేని పనిగా తోచిందంటారు. వాళ్లు పెద్ద బట్టను ఎనిమిది మడతలు పెట్టి ఒక్కసారే కోశారు. విప్పితే నలుదిక్కులా ఒకేలాంటి ఆకులు, పళ్లు. దాన్ని తెల్లగుడ్డ మీద పరిచి అంచులు మడిచి కుట్టారు. చుట్టూ అలలు అలలుగా వరసకుట్లు వేశారు. సీమపనస ఆకు నమూనా అన్నిటికన్నా పేరుపడింది. క్రూజు టీచర్లకు ఇంతకన్నా మంచి పాఠం దొరకదు. ఇస్త్రీ అంతగా అక్కర్లేదు, మిషను అసలే వద్దు, డెక్కు మీద కుర్చీలో కూర్చుని కుట్టుకోవచ్చు.

ఓడ మీద పుట్టిన క్విల్టుల్లో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది మాత్రం విహారయాత్రది కాదు. 1841 ఏప్రిల్‌లో ఇంగ్లండు నుంచి ‘రాజా’ అనే ఓడలో సుమారు 180 మంది స్త్రీ ఖైదీలను టాస్మానియాకు పంపించారు. జైళ్ల సంస్కర్త ఎలిజబెత్ ఫ్రై స్థాపించిన మహిళా సంఘం వాళ్లకు సూదులు, దారాలు, గుడ్డ ముక్కలు ఇచ్చింది. ఉష్ణమండలం దాటి ఓడ జులైలో హోబార్ట్ చేరేలోగా వాళ్లలో కొందరు 2,815 ముక్కల క్విల్టు తయారుచేశారు. పర్యవేక్షించిన కెజియా హేటర్ అనే యువతికి ఆ దారిలోనే ఓడ కెప్టెన్‌తో పెళ్లి కుదిరింది, అది వేరే కథ. ఆ క్విల్టు ఎక్కడికో పోయి, 1987లో స్కాట్లాండ్‌లో ఒక అటక మీద దొరికింది. ఇప్పుడు ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీలో ఉంది. కుట్టినవాళ్లందరూ చేయి తిరిగినవాళ్లు కారని కుట్లే చెబుతాయి.

కరీబియన్ వైపు వెళ్లే ఓడల్లో మనవాళ్లు గమనించదగ్గ సంగతి ఒకటుంది. సెయింట్ లూసియా, డొమినికా, మార్టినిక్ రేవుల్లో రంగురంగుల గళ్ల బట్ట అమ్ముతారు. అక్కడి స్త్రీల సంప్రదాయ దుస్తులు దానితోనే కుడతారు. పేరు మద్రాస్. ఒకప్పుడు మన తూర్పు తీరం నుంచి ఓడలెక్కి వెళ్లిన నేత అది. చీరాల ప్రాంతపు మగ్గాల మీద నేసి పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతి చేసిన రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్ కూడా ఈ వంశానిదే.

అమెరికాలో ఉన్న కూతురో కొడుకో టికెట్టు తీస్తామంటే, ఓడెక్కే ముందు మూడు ప్రశ్నలు అడగండి. రేవు తాకని రోజులెన్ని? మిషను వాళ్లే ఇస్తారా? తరగతి రుసుము టికెట్టులో కలిసిందా, విడిగా కట్టాలా? మంచానికి సరిపడే క్విల్టు పూర్తిచేసుకుని దిగుతామని మాత్రం ఆశ పెట్టుకోవద్దు. వారం రోజుల ప్రయాణంలో ఒక దిండు గలీబో, బల్ల మీద పరిచే గుడ్డో పూర్తయితే బాగా కుట్టినట్టే.